అద్దం ముందు తీసిన ఫొటో గురించి

ట్రాన్స్‌జెండర్, నాన్-బైనరీ (తమను ఆడ, మగ అనే రెంటిలో ఇమడ్చుకోని) వ్యక్తుల ఇంటి జీవితాన్ని ఫొటోలు తీయడం ఎలా మొదలుపెట్టాలని మీరు అడిగారు. హైదరాబాద్‌లో ఒక హిజ్రా గురువు, ఆమె చేలాలు (శిష్యులు) కలిసి అద్దెకుంటున్న ఇంటికి ఏడాదిపాటు వెళ్లివచ్చిన అనుభవంతో రాస్తున్నాను.

మొదటి నెల కెమెరాను సంచిలోనే ఉంచండి. నేను మూడో రోజే బయటికి తీసి, పొద్దున్నే అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న ఒక అక్కను ఫొటో తీశాను. సాయంత్రం చూపిస్తే, "ఇది నాకు రోజూ పది నిమిషాల పని తమ్మీ, నువ్వు ఇదే నా బతుకన్నట్టు తీసినవ్" అన్నది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. బియ్యం కడిగిన నీళ్లు తులసి కుండీలో పోయడం, గురువు మోకాళ్లకు నూనె రాయడం, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం కూర గిన్నె మీద పళ్లెం బోర్లించి ఉంచడం, ఇవన్నీ నా కళ్లముందే జరుగుతున్నా నేను అద్దం దగ్గరే ఆగిపోయాను.

గురువు ఒప్పుకున్నాక కాదనే ధైర్యం చేలాలకు ఉండదు కాబట్టి ఒక్కొక్కరినీ విడిగా, ప్రతిసారీ అడగాలి. హైదరాబాద్‌లో ఈ జాగ్రత్తకు ఇంకో కారణం కూడా ఉంది. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో రాయించి, ఆడవాళ్ల దుస్తుల్లో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన నిజాం కాలపు 1919 నాటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలోనే.

ఫొటోలో వెనకాల ఏముందో కూడా చూడండి. నాకు బాగా నచ్చిన ఒక ఫొటోను పెద్దది చేస్తే, అలమరా మీది గ్యాస్ పుస్తకంపై ఆ అక్క వదిలేసుకున్న పాత పేరు స్పష్టంగా కనిపించింది. ఆ ఫొటోను పక్కన పెట్టేశాను. ఫొటో కింద రాసే వాక్యంలో మన తెలుగు క్రియే ఆడో మగో చెప్పేస్తుంది గనుక, నాన్-బైనరీ వ్యక్తి గురించైతే "వచ్చారు", "వండుతున్నారు" అని రాయవచ్చా అని వారినే అడగండి.

1989లో ఢిల్లీలో ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ ఒక విదేశీ పత్రిక కోసం మోనా అహ్మద్ అనే హిజ్రాను ఫొటోలు తీసినప్పుడు, అవి లండన్‌లోని బంధువుల కంటపడతాయని మోనా భయపడి వెనక్కి అడిగితే, దయానితా ఫిల్ము రోలునే ఇచ్చేశారు. వాళ్ల స్నేహం దశాబ్దాలు నిలిచింది. నేనూ ఆ దారినే వెళ్లి, నలభై ప్రింట్లు వేయించి ఆ ఇంటి చాప మీద పరిచాను. పదకొండు వద్దన్నారు, అందులో అద్దం ముందుది ఒకటి. ఆ పదకొండు ఫైళ్లనూ వాళ్ల ఎదుటే చెరిపేశాను.