ముందు పర్మిట్, తర్వాతే రాజీనామా

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర. ఐదెకరాల బత్తాయి తోట ఉంది. మా బిడ్డ ఇక్కడే బీటెక్ చేసి, నాలుగేండ్ల నుంచి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఒక కంపెనీ ఏడాదికి 46 వేల యూరోలు ఇస్తామంటోంది. మన పైసల్లో 45 లక్షలు దాటుతోంది. వచ్చే వారమే రాజీనామా చేస్తానంటోంది. వీసా పని చేసిపెడతానని నల్లగొండలో ఒకాయన రెండు లక్షలు అడుగుతున్నాడు. చుట్టాల పిల్లలంతా అమెరికా పోతుంటే ఈమె స్పెయిన్ అంటోంది. పెళ్లి కూడా చేయాలె. పంపమంటారా?

జవాబు: పంపండి అన్నా. కాకపోతే రాజీనామా ఇప్పుడే ఇవ్వొద్దని ఈ రాత్రికే బిడ్డకు ఫోన్ చేసి చెప్పండి.

స్పెయిన్‌లో ఇలాంటి ఉద్యోగాలకు పర్మిట్ (అక్కడ ఉండి పనిచేసే అనుమతి) కోసం దరఖాస్తు పెట్టేది కంపెనీయే. నిపుణుల కేటగిరీ అయితే అక్కడి ప్రభుత్వం 20 పనిదినాల్లో తేల్చాలి. అది మంజూరయ్యాకే ఇక్కడ వీసా. అంతవరకు ఆఫర్ లెటర్ ఒట్టి కాగితమే. హైదరాబాద్ కంపెనీల్లో నోటీసు పీరియడ్ సాధారణంగా 90 రోజులు కాబట్టి, పర్మిట్ మంజూరు పత్రం చేతికొచ్చిన రోజున రాజీనామా ఇచ్చి, ఆ మూడు నెలల్లో వీసా తెచ్చుకుంటే సరిపోతుంది. చేరే తేదీని ఆ లెక్కన పెట్టమని బార్సిలోనా కంపెనీని ఇప్పుడే అడగమనండి. సరైన కంపెనీ అయితే కాదనదు.

ఆ రెండు లక్షల్లో ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఉద్యోగం బిడ్డ తనే తెచ్చుకుంది, పర్మిట్ కంపెనీ తెస్తుంది. మధ్యలో ఆయన చేసే పనేముంది?

ఇక జీతం. ఆఫర్ చూడగానే రూపాయల్లోకి మార్చి చూడటం ఇంటింటా జరిగేదే. కానీ బిడ్డ బతికేది యూరోల్లో. 46 వేలలో సోషల్ సెక్యూరిటీ (మన పీఎఫ్ లాగా జీతంలోంచి కోసే చందా), ఆదాయపు పన్ను పోగా నెలకు సుమారు 2,700 యూరోలు చేతికొస్తాయి. అక్కడ చాలా కంపెనీలు జీతాన్ని 14 భాగాలు చేసి, వేసవిలో ఒకటి, డిసెంబరులో ఒకటి అదనంగా ఇస్తాయి. అట్లయితే మామూలు నెలల్లో వచ్చేది ఇంకా తక్కువ. బార్సిలోనాలో అద్దెలు మంట. చిన్న ఫ్లాటుకైనా నెలకు వెయ్యి యూరోల పైమాటే. వేరేవాళ్లతో కలిసి ఒక గది తీసుకుంటే ఆరేడు వందల్లో అవుతుంది. అట్లా ఉంటే నెలకు వెయ్యి యూరోల దాకా మిగలొచ్చు. ఒక్కతే ఫ్లాటు తీసుకుంటే అందులో సగం మిగలడం కూడా కష్టమే.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. కొత్తగా వచ్చేవాళ్లకు 24 శాతమే పన్ను ఉంటుందని, దాన్ని బెక్‌హామ్ చట్టం అంటారని బిడ్డకు ఎవరైనా చెప్పే ఉంటారు. 2005లో వచ్చిన ఆ సౌకర్యం నిజమే. వెళ్లిన ఏడాది, ఆపై ఐదేండ్లు వర్తిస్తుంది. సోషల్ సెక్యూరిటీలో నమోదైన ఆరు నెలల్లోపు కోరుకోవాలి. కానీ దాన్ని ఎంచుకుంటే మామూలు మినహాయింపులు ఉండవు. నేను లెక్కేసి చూస్తే 46 వేల జీతానికి అది లాభం కాదు, నెలకు వంద యూరోల దాకా నష్టం. జీతం 60 వేలకు దగ్గరపడితేనే దాని గురించి ఆలోచించాలి. అందరూ తీసుకుంటున్నారని తనూ సంతకం పెట్టొద్దు.

నాకు అసలు భయం ప్రొబేషన్, అంటే మొదట్లో పనితనం చూసే గడువు గురించి. డిగ్రీ ఉన్న సాంకేతిక ఉద్యోగులకు స్పెయిన్ చట్టం ఆరు నెలల దాకా ప్రొబేషన్ అనుమతిస్తుంది. ఆ కాలంలో కంపెనీ పరిహారం లేకుండా తీసేయొచ్చు. నిరుద్యోగ భృతి రావాలంటే కనీసం 360 రోజులు సోషల్ సెక్యూరిటీ చందా కట్టి ఉండాలి. ఇక్కడి ఉద్యోగం వదిలి, ఇల్లు వదిలి పోయిన పిల్లకు ఆ ఆరు నెలలు కత్తిమీద సామే. దాన్ని రెండు మూడు నెలలకు తగ్గించి కాంట్రాక్టులో రాయమని అడగాలి. తగ్గించకపోయినా వెళ్లొచ్చు. అప్పుడు మాత్రం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకొని వెళ్లాలి. అప్పు తెచ్చి, తోట కుదువపెట్టి కాదు.

అడగాల్సింది ఇంకొకటుంది. ఇచ్చేది యూరోపియన్ బ్లూ కార్డా (యూరోపియన్ యూనియన్ దేశాలు నిపుణులకిచ్చే పర్మిట్), స్పెయిన్ సొంత నిపుణుల పర్మిటా? బ్లూ కార్డు అయితే ఏడాది తర్వాత జర్మనీ వంటి దేశానికి మారడం సులువు. స్పెయిన్ పర్మిట్‌తో అంత వీలుండదు. ఐదేండ్లు ఉంటే శాశ్వత నివాసానికి దారి ఉంది. పౌరసత్వానికి మనవాళ్లకు పదేండ్లు. అమెరికాలో హెచ్1బీ లాటరీ తగలాలి, తగిలాక గ్రీన్ కార్డుకు దశాబ్దాల వరుస. చుట్టాల పిల్లలతో పోల్చి బిడ్డను చిన్నబుచ్చకండి.

పెళ్లికి ఇది అడ్డం కాదు. ఈ రెండు పర్మిట్లలో ఏదైనా భర్త అక్కడికి వెళ్లొచ్చు, ఉద్యోగమూ చేసుకోవచ్చు. సంబంధం చూసేటప్పుడు ఆ మాట ముందే చెప్పండి.

ఆఫీసులో ఇంగ్లిష్ నడవొచ్చు. బ్యాంకులో, మునిసిపల్ ఆఫీసులో, ఇంటి ఓనరు దగ్గర స్పానిష్ కావాలి. బార్సిలోనాలో అక్కడి ప్రాంతీయ భాష కాటలాన్ కూడా వినపడుతుంది. రోజుకో గంట ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి. తిండికి బెంగపడకండి. బార్సిలోనాకు దక్షిణాన ఎబ్రో నది డెల్టాలో మన ఆయకట్టు లాగే వరి పండిస్తారు, రావల్ పేటలో మన మసాలాలన్నీ దొరుకుతాయి.

ఇల్లు మాత్రం ఫొటోలు చూసి ఇక్కడి నుంచి డబ్బు పంపొద్దు. ఒక నెల అడ్వాన్సు చట్టప్రకారం ఉంటుంది. దానిపైన రెండు నెలల దాకా హామీ అడగొచ్చు. మొదటి జీతం వచ్చేది నెలాఖరుకే. అందుకే ఐదారు వేల యూరోలు వెంట ఉండాలి. కంపెనీ ఎంత ఇస్తుందో ముందే అడగడంలో నామోషీ లేదు.

మీరు చేయగలిగిన పని కూడా ఒకటుంది అన్నా. మన పిల్లల్లో చాలామంది ప్రొవిజనల్‌తోనే ఉద్యోగంలో చేరి ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా) తీసుకోరు. అపోస్టిల్ ముద్రకు (మన పత్రం అసలైనదేనని విదేశాల కోసం ప్రభుత్వం వేసే ముద్ర), స్పానిష్ అనువాదానికి ఓడీయే కావాలి. బీరువా తీసి చూడండి. లేకపోతే ఈ వారమే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టించండి. టెన్త్ మెమోలో, డిగ్రీలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకే తీరుగా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చదవండి. ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి పేరు ఉంటే ఆ సంగతి కంపెనీ వాళ్లకు దరఖాస్తు పెట్టకముందే చెప్పాలి.