ఉబుంటును టొరెంట్‌లో దించుకోవడం నేరమా?

ఉబుంటు 24.04 (ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోతోందనీ, టొరెంట్‌లో దించుకోమని మిత్రుడు సలహా ఇచ్చినా అది నేరమేమోనని వెనకాడుతున్నాననీ రాశారు. నేరం కాదు. పైరసీ సినిమాల పుణ్యమా అని టొరెంట్‌కు చెడ్డపేరు వచ్చింది గానీ, 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ ఫైళ్లను ముక్కలుగా చేసి, వాడేవారి కంప్యూటర్ల మధ్య పంచుకునే పద్ధతి మాత్రమే. ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్‌ల అధికారిక సైట్లలోనే టొరెంట్ ఫైళ్లు (ఆ ముక్కల వివరాలుండే చిన్న ఫైళ్లు) ఉంటాయి.

2014 వేసవిలో మా ఊళ్లో 512 కేబీపీఎస్ కనెక్షన్ మీద నేను ఉబుంటు 14.04 దించబోయాను. దాదాపు 1 జీబీ ఫైలు కాబట్టి అంతా సవ్యంగా సాగితే నాలుగున్నర గంటల పని, కానీ కరెంటు అంతసేపు ఉంటేగా! బ్రౌజర్‌లో రెండుసార్లు మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి పూర్తయిందనుకుని డీవీడీలో రాసి పెడితే ఇన్‌స్టాలేషన్ సగంలో నిలిచిపోయింది, చెక్‌సమ్ (ఫైలు చెడిపోయిందో లేదో తేల్చే సంఖ్య) చూస్తే కలవలేదు. ఫైలు తీసేయబోతుంటే ఒక సీనియర్ ఆపి, అదే వెర్షన్ టొరెంట్‌ను ట్రాన్స్‌మిషన్ అనే టొరెంట్ ప్రోగ్రామ్‌లో తెరిచి, పాడైన ఫైలున్న ఫోల్డర్‌నే చూపించి, సరిచూడమని ఆదేశం ఇమ్మన్నారు. ఫైలు పేరు మాత్రం టొరెంట్‌లో ఉన్నట్టే ఉండాలి. కాసేపటికి 98 శాతం బాగానే ఉందని తేలింది, మిగిలిన ముక్కలు ఐదారు నిమిషాల్లో దిగాయి.

టొరెంట్ ఫైలులో ప్రతి ముక్కకూ ఒక హాష్ విలువ (ఆ ముక్కలోని డేటా నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి సంఖ్య) ముందే రాసి ఉంటుంది కనుక, ఎవరి కంప్యూటర్ నుంచి వచ్చిన ముక్కయినా ఆ విలువతో కలవకపోతే ప్రోగ్రామ్ దాన్ని పారేసి మళ్లీ తెచ్చుకుంటుంది. వేగం కన్నా నాకు ఈ గుణమే ముఖ్యమనిపిస్తుంది.

అయితే ఈ భరోసా అంతా టొరెంట్ ఫైలు అసలుదైతేనే. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే మరో లినక్స్ సైట్‌లోకి చొరబడినవారు డౌన్‌లోడ్ లింకును మార్చి, దొంగదారి అమర్చిన ఐఎస్ఓను (ఇన్‌స్టాలేషన్ ఫైలును) జనానికి అంటగట్టారు. టొరెంట్‌లో దించుకున్నవారికి అప్పుడు ఇబ్బంది కలగలేదు, కానీ ఆ చొరబాటుదారులు టొరెంట్ ఫైలునే మార్చి ఉంటే ముక్కల హాష్‌లన్నీ చక్కగా కలిసేవి! అందుకే టొరెంట్ ఫైలును అధికారిక సైట్ నుంచే తీసుకోండి, దిగాక ఎస్‌హెచ్‌ఏ256 విలువను (మొత్తం ఫైలు హాష్‌ను), వీలైతే జీపీజీ సంతకాన్ని (విడుదల చేసినవారి డిజిటల్ సంతకాన్ని) కూడా సరిచూడండి.

24.04 సుమారు 6 జీబీ ఉంటుంది. దించుకుంటూనే మీరు ఇతరులకు పంపుతుంటారు కాబట్టి, మొబైల్ డేటా మీదైతే అప్‌లోడ్ పరిమితిని ముందే తగ్గించుకోండి. కాలేజీ, ఆఫీసు నెట్‌వర్కుల్లో తరచుగా టొరెంట్‌ను ఆపేస్తారు, అక్కడ అడ్మిన్‌ను అడగకుండా ప్రయత్నించవద్దు. ఇంట్లో అపరిమిత కనెక్షన్ ఉంటే, దించుకున్నంత డేటా తిరిగి పంపేవరకు, అంటే నిష్పత్తి 1కి చేరేదాకా, ప్రోగ్రామ్‌ను నడవనివ్వండి. నేను రాత్రిపూట వదిలేసి తెల్లారాక ఆపేస్తాను.