ఇంజన్ మార్చాక జీపు వణుకుతోందా? ముందు కోణాలు కొలవండి

మీ మహీంద్రా 540 జీపులో పాత ప్యూజో డీజిల్ ఇంజన్ తీసి డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) వేయించారు. అరవై దాటగానే సీటు కింద వణుకు. గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు తిరుగుడు అందించే షాఫ్టుకు బ్యాలెన్సింగ్ చేయించి, దాని రెండు చివర్లలోని జాయింట్లకు కొత్త క్రాస్‌లు వేసినా పోలేదు, ఏం చేయాలని అడిగారు. ఇక ఆ బ్యాలెన్సింగ్ జోలికి పోకండి. కడపలో నా జీపుకూ ఇదే ఇంజన్ వేయించాను, ఇదే వణుకు వచ్చింది. నా బండిలో లోపం షాఫ్టులో లేదు, దాని రెండు చివర్లలోని కోణాల్లో ఉంది.

క్రాస్ జాయింటు వంపులో తిరిగేటప్పుడు అవతలి వైపు వేగం చుట్టుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. వెనక జాయింటులోనూ అంతే కోణం ఉంటే ఆ హెచ్చుతగ్గులు అక్కడే చెల్లిపోతాయి. అంటే ఇంజన్ వాలు, పినియన్ (వెనక ఇరుసులో షాఫ్టు తగులుకునే గేరు) వాలు సమాంతరంగా ఉండాలి. కొత్త ఇంజన్ కూర్చోబెట్టేటప్పుడు సంపు (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ముందు ఇరుసుకు తగలకూడదని ఇంజన్ ముక్కు పైకెత్తుతారు. గేర్‌బాక్సు తోక దిగుతుంది, పినియన్ మాత్రం పాత వాలులోనే ఉండిపోతుంది.

కొలవడానికి ఫోనులోని లెవెల్ చాలు. బండి చదును నేల మీద, తన చక్రాల మీదే నిలబడాలి. ఛాసిస్‌కు జాకీ పెడితే ఇరుసు వేలాడి లెక్కంతా తప్పుతుంది. నా జీపులో ఇంజన్ వెనక్కి 5 డిగ్రీలు వాలింది, షాఫ్టు 9, పినియన్ 2. షాఫ్టు వాలులోంచి తీసేస్తే ముందు జాయింటులో కోణం 4 (9−5), వెనక 7 (9−2) అన్నమాట. ఈ రెంటికీ తేడా ఒక డిగ్రీ దాటకూడదు.

కొలవకముందే కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ పినియన్ కిందికి ఉందని చెప్పింది. రాయచోటి వైపు ఎక్కుతుంటే వణుకు తక్కువ, కడపకు దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే ఎక్కువ. (అక్కడ కొన్న కోవా పొట్లం డ్యాష్‌బోర్డు మీద పెట్టి అదెంత వణుకుతుందో చూడండి, వేరే పరికరం అక్కర్లేదు.) కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) బండిలో లాగుడు పడగానే పినియన్ ముక్కు కాస్త పైకి లేస్తుంది. లేచినప్పుడు వణుకు తగ్గిందంటే అది మామూలుగా మరీ కిందికి ఉన్నట్టు. మీకు ఎక్కేటప్పుడే ఎక్కువైతే లెక్క తిరగబడుతుంది.

లేత్ షాపులో 2 డిగ్రీల ఉక్కు వెడ్జిలు (ఒకవైపు మందం, మరోవైపు పలచనగా ఉండే బిళ్ళలు) చేయించి కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య పెట్టాం. అల్యూమినియం వద్దు, నలిగిపోతుంది. మన జీపుల్లో కట్ట ఇరుసు కింద ఉంటుంది కాబట్టి పినియన్ ఎత్తాలంటే మందం వైపు ముందుకు రావాలి. వెనక కోణం 5కు దిగింది. ముందుకన్నా ఆ ఒక్క డిగ్రీ ఎక్కువ కావాలనే ఉంచాను, లాగుడు మీద పినియన్ లేచి అది సరిపోతుంది. వెడ్జి మందానికి తగ్గట్టు సెంటర్ బోల్టు (కట్ట మధ్యలో ఉండేది) పొడవుది వేయించండి, కొన్నాళ్ళు తిరిగాక కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్ళీ బిగించండి.

వెడ్జిలకు డబ్బు పెట్టే ముందు ఒకటి చూడండి. బ్యాలెన్సింగ్‌కని షాఫ్టు విప్పినప్పుడు స్లిప్ జాయింటును (షాఫ్టు పొడవు సర్దుకునే పళ్ళ జోడింపు) ఒక పన్ను పక్కకు ఎక్కించి ఉండవచ్చు. షాఫ్టు రెండు చివర్లలో క్రాస్‌లను పట్టుకునే ఫోర్కులు ఒకే వరుసలో లేకపోతే కోణాలు ఎంత సరిచేసినా వణుకు పోదు.