కోచ్‌ని ముందు అడగాల్సింది మీ అమ్మాయే

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్ వాలీబాల్ టీమ్‌లో ఆడుతుంది. గత మూడు మ్యాచ్‌ల్లో కోచ్ గారు తనని చాలాసేపు బెంచి మీదే కూర్చోబెట్టారు. మొన్న మ్యాచ్ అవగానే ఆయన్ని అడుగుదామని కదిలితే, "వద్దమ్మా, ప్లీజ్" అంటూ చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఆటలోనే పైకి రావాలని తన ఆశ. అడిగితే కోచ్‌కి కోపం వస్తుందేమో, అడగకపోతే పిల్ల వెనకబడిపోతుందేమో అని ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, తను ఆపినందుకు నొచ్చుకోకండి. తోటి పిల్లలందరి ముందూ అమ్మ వెళ్లి తన తరఫున అడగడమంటే ఆ వయసులో తల కొట్టేసినట్టు ఉంటుంది. మీరు ఆగిపోవడం మంచిదైంది.

అడగాలా వద్దా అంటే, అడగాలి. ముందు తనే అడగాలి. "నన్నెందుకు ఆడించట్లేదు" అంటే ఎవరికైనా చురుక్కుమంటుంది. "సార్, నాకు ఎక్కువ ఛాన్స్ రావాలంటే ఆటలో ఏం మెరుగుపరచుకోవాలి?" అని అడిగితే ఏ కోచ్ అయినా నిలబడి జవాబు చెబుతారు. ప్రాక్టీస్‌కి పది నిమిషాలు ముందే వెళ్లి, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు అడగమనండి.

ఇది కెరీర్ విషయం కూడా. కెరీర్ సలహా కోసం నా దగ్గరికి పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు వస్తుంటారు. మంచి మార్కులే ఉంటాయి. "నీకేం ఇష్టం?" అని అడగ్గానే అమ్మ ముఖంలోకి చూస్తారు. నాకు చాలా బాధేస్తుంది. రేపు కాలేజీ టీమ్ సెలక్షన్లలోనైనా, ఉద్యోగంలో మేనేజర్ ముందైనా మీ అమ్మాయి తన గురించి తనే మాట్లాడుకోవాలి. ఆ అలవాటు ఇప్పుడే, ఈ బెంచి దగ్గరే మొదలవ్వాలి.

కోచ్ లెక్క మనకి గ్యాలరీలోంచి కనిపించదు. మీ అమ్మాయి నెట్ దగ్గర బాగా కొడుతుందనుకోండి, వెనక వరుసలో సర్వీస్ అందుకోవడంలో తడబడుతుందనుకోండి. రొటేషన్‌లో, అంటే ప్లేయర్లు వంతులవారీగా స్థానాలు మారేటప్పుడు, తను వెనక్కి రాగానే తీసేసి వేరే అమ్మాయిని దింపుతారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక సెట్‌లో జట్టుకి 6 మార్పులే. మొదట దిగిన ప్లేయర్ బయటికొస్తే ఆ సెట్‌లో తిరిగి వెళ్లేది ఒక్కసారే, అదీ తన బదులు దిగిన ప్లేయర్ స్థానంలోనే. అందుకే కోచ్ ప్రతి మార్పునీ ఆచితూచి వాడతారు. సర్వీస్ అందుకోవడమే సమస్య అని తేలితే, రేపటి నుంచి ఏం ప్రాక్టీస్ చేయాలో తనకి తెలిసిపోతుంది.

రెండు మూడు వారాలు చూసినా విషయం తేలకపోతే అప్పుడు మీరు మాట్లాడండి. మ్యాచ్ రోజు మాత్రం వద్దు. అమెరికాలో చాలా స్కూళ్లలో 24 గంటల నియమం ఉంటుంది: మ్యాచ్ అయ్యాక ఒక రోజు గడిచేదాకా తల్లిదండ్రులు కోచ్‌తో దాని ఊసెత్తకూడదు. దాని విలువ నాకు అనుభవం మీద తెలిసింది. మా అబ్బాయి ఓడిన రాత్రి వాళ్ల కోచ్‌కి పొడవాటి మెసేజ్ పెట్టాను. పొద్దున్నే చదువుకుంటే అందులో సగం ఇంకో పిల్లాడి గురించే ఉంది. కోచ్ మర్యాదగానే జవాబిచ్చారు. మా వాడు మాత్రం నెల రోజులపాటు నా దగ్గర ఆట మాటే ఎత్తలేదు.

మెసేజ్ చిన్నగా చాలు: "సార్, మా అమ్మాయి ఆట గురించి పది నిమిషాలు మాట్లాడాలి. మీకు వీలైన రోజు చెప్పండి." వెళ్లేటప్పుడు తనని కూడా తీసుకెళ్లండి. తన శ్రమ, ప్రవర్తన, ఎదుగుదల గురించి ఎంతైనా అడగొచ్చు. ఇతర పిల్లల ఊసు, ఎవరిని ఎక్కడ ఆడించాలన్న సలహా వద్దు. మీకు మాత్రమే తెలిసిన సంగతులు దాచకుండా చెప్పండి: ఉబ్బసం, వాడే మందులు, పోయిన వారం జ్వరం, పరీక్షల ఒత్తిడి. ఈ వయసు పిల్లలకి రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అది తగ్గుతుంటే ప్రాక్టీస్ వేళల గురించి అడగడంలో తప్పే లేదు.

కొన్ని విషయాల్లో ఒక్క గంట కూడా ఆగొద్దు. తలకి దెబ్బ తగిలి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు ఉంటే ఆ రోజుకి ఆట ఆపేయాలి. డాక్టర్ సరేనన్నాకే మళ్లీ కోర్టులోకి. కోచ్ పిల్లని కొట్టినా, శరీరం గురించి కించపరిచేలా మాట్లాడినా, తాకడంలో తేడా ఉందని పిల్ల చెప్పినా నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లండి. రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడ తనని ముందుకు తొయ్యొద్దు, మీరే ముందుండాలి.

ఇప్పటికైతే తర్వాతి ప్రాక్టీస్ ఎప్పుడో కనుక్కోండి. ముందు రోజు సాయంత్రం ఇంట్లో ఒక చిన్న రిహార్సల్ పెట్టుకోండి. మీరు కోచ్‌గా కూర్చోండి, తను వచ్చి అడుగుతుంది. మొదటిసారి గొంతు పెగలదు, నవ్వేసి పారిపోతుంది. మళ్లీ పిలవండి.