చెవిలో మోత ఆగడం లేదు, ఎవరికీ చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 29. నాన్నగారు మృదంగ విద్వాంసులు. తాళం, నడకలు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఏడేళ్లుగా ఒక హెవీ మెటల్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తున్నాను. కచేరీ తర్వాత చెవుల్లో వచ్చే మోత తెల్లవారేసరికి తగ్గిపోయేది. నాలుగు నెలలుగా తగ్గడం లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు. త్వరలో యూరప్ టూరు ఉంది కనుక బ్యాండులో ఎవరికీ చెప్పలేదు. నాన్నగారికి చెబితే ‘ముందే చెప్పాను కదా’ అంటారు. డ్రమ్స్ మానేయాలా?

జవాబు: వినికిడి పరీక్ష చేయించుకోకుండా ఆ ప్రశ్నకు జవాబు వెతకకండి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ నాలుగు నెలలు. రాత్రంతా మేలుకుని, పగలు ఆఫీసులో, సాయంత్రం రిహార్సల్‌లో ఏమీ జరగనట్టు ఉండడం ఎంత అలసటో ఊహించగలను.

లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సన్నని కేశకణాలు చనిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. సింబల్స్ (డ్రమ్ సెట్టులోని లోహపు పళ్లాలు) పక్కనే గంటల తరబడి కూర్చునే మీకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మీకు దగ్గరే. పరీక్షకు ముందు రెండు రోజులు డ్రమ్స్ ముట్టకండి. చెవి అచ్చు తీసి సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్స్ గురించి అక్కడే అడగండి, దూది చాలదు. ఈలోగా ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే, తల తిరిగితే ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. నిశ్శబ్దంలో మోత పెద్దదిగా అనిపిస్తుంది కనుక రాత్రి ఫ్యాను తిరగనివ్వండి, లేదా తంబూరా శ్రుతి చాలా చిన్నగా పెట్టుకోండి.

బ్యాండుకు టూరుకు ముందే చెప్పండి. బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ మీకు తెలియకుండా ఉండరు. 2023 జనవరిలో పక్షవాతంతో ఆయన కుడివైపు భుజం నుంచి కిందికి చచ్చుబడింది. సహచరులు అండగా నిలిచారు. మే నెలకల్లా వేదిక ఎక్కారు. వేగం అందని చోట వాయించే తీరు మార్చుకున్నారు. 2024 డిసెంబరులో సావో పాలో కచేరీతో టూర్లు మానుకున్నారు. ఎప్పుడు ఆపాలో ఆయన నిర్ణయించుకోగలిగారు. మీరు దాచిపెడితే ఆ నిర్ణయం మీ చేతిలో ఉండదు.

ఇక నాన్నగారు. మృదంగాన్ని శ్రుతి చేసేటప్పుడు రాయితో ఒక్కో దెబ్బ కొట్టి, ఆయన తల వంచి వినడం చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. చెవిని నమ్ముకుని బతికిన మనిషి. మీ భయం ఎలాంటిదో ఆ ఇంట్లో అందరికంటే ఆయనకే బాగా తెలుస్తుంది. ‘ముందే చెప్పాను’ అని అన్నా అనవచ్చు. అననివ్వండి. అది విన్నాక కూడా మీ ఇద్దరికీ మాట్లాడుకోవలసింది చాలా ఉంది. ఫోనులో వద్దు. పరీక్ష కాగితం తీసుకుని ఒక ఆదివారం ఇంటికి వెళ్లండి. ‘నాన్నా, నాలుగు నెలలుగా చెవిలో మోత ఆగడం లేదు, నిద్ర పట్టడం లేదు’ అని చెప్పి, ఆయనను మాట్లాడనివ్వండి.