ముందు భాగంలో చెక్క పట్టీలు విరుగుతుంటే

మీరు కడుతున్న చెక్క నమూనా ఓడకి ముక్కు దగ్గర వంచేసరికి పైన అంటించే పట్టీలు ఫట్‌మని విరుగుతున్నాయన్నారు కదా, మొదట అడ్డుచట్రాల (ఓడకి ఆకారమిచ్చేలా లోపల అడ్డంగా నిలబెట్టిన చెక్క పలకల) అంచులు చూడండి. వాటిని ఏటవాలుగా అరగదీయకపోతే పట్టీ ఒక్క మూల మీదే ఆనుతుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది. సన్నటి పట్టీ ఒకటి చట్రాల మీదుగా పరిచి చూస్తే సందు ఎక్కడుందో తెలిసిపోతుంది. సాండ్‌పేపర్ చుట్టిన పొడవాటి చెక్కతో ఆ సందు పోయేదాకా రుద్దండి, ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

తర్వాత 1 మిల్లీమీటరు మందం పట్టీని వేడినీళ్లలో అరగంట నానబెట్టి, తడిగానే వంచి క్లిప్పులతో బిగించండి. పూర్తిగా ఆరాకే జిగురు పెట్టాలి. తడి మీద అంటిస్తే ఆరాక కుంచించుకుపోయి సందులొస్తాయి.

అన్నట్టు, ఎడమవైపు ఒకటి వేస్తే కుడివైపు ఒకటి వేయండి. ఒకే వైపు వేసుకుంటూ పోతే ఓడ మెలితిరుగుతుంది.