పాలిష్‌కి ముందు టేకు చెక్క మీది పెన్సిల్ గీతలు ఎలా పోగొట్టాలి?

టేకు పలకతో టీపాయ్ చేశాననీ, పాలిష్ వేద్దామంటే కొలతల గీతలు కనబడుతున్నాయనీ రాశారు. నేను విజయవాడలో పాలిష్ పని చేస్తాను. వడ్రంగి లెక్క సెటిల్ చేసుకుని వెళ్ళిపోయాక వచ్చేది మేమే, ఇంటివాళ్ళతో మాటలు పడేదీ మేమే. కాబట్టి కొంచెం కడుపుమంట కూడా కలుస్తుంది, ఏమీ అనుకోకండి.

తేలిగ్గా గీసిన గీతైతే పిల్లలు వాడే తెల్ల రబ్బరు చాలు. రంగు రబ్బరు వద్దు, దాని రంగు చెక్కకి అంటుతుంది. ఎండిపోయిన పాతదైతే తుడవదు, అలుకుతుంది. రబ్బరుకి లొంగకపోతే స్పిరిట్‌లో తడిపి పిండిన తెల్లగుడ్డతో చెక్క చారల వెంబడే తుడవాలి, మడత మార్చుకుంటూ. దగ్గర్లో దీపం, బీడీ లేకుండా చూసుకోండి. గ్రాఫైట్ స్పిరిట్‌కి కరగదు. స్పిరిట్ దాన్ని కదిలిస్తుంది, గుడ్డ ఎత్తుకుపోతుంది, అంతే. మాసిన గుడ్డతో తుడిస్తే గీత పోయి మచ్చ వస్తుంది. ఆక్సాలిక్ యాసిడ్ అనేవాళ్ళుంటారు. అది ఇనుప మరకలకి మందు, పెన్సిల్‌కి కాదు. టూత్‌పేస్టు రుద్దినవాళ్ళనీ చూశాను. టేకు రంధ్రాల్లో తెల్లగా ఇరుక్కుని, దాన్ని తీయడం ఇంకో పని.

గరుకు కాగితం ఆ తర్వాతే. ముందు 150 నంబరుది, పైన అంతకంటే నునుపైన 220. మొదటే దీంతో దిగితే గీత పొడి రంధ్రాల్లోకి చేరి చెక్క బూడిదరంగు తిరుగుతుంది. గీత ఉన్నచోటే రుద్దారో గుంట పడుతుంది, పాలిష్ మెరిశాక పక్కవెలుతురులో పట్టిస్తుంది. పలకంతా సమానంగా రుద్దండి. వెనీర్ అయితే మాత్రం జాగ్రత్త. పైపొర అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ, నాలుగు రుద్దులకే కింద ప్లైవుడ్ బయటపడుతుంది.

ఆ మధ్య సత్యనారాయణపురంలో ఒకరింట్లో పూజగది తలుపు పని తగిలింది. మంచి టేకు, చిన్నచిన్న గళ్ళు, గడికో చిరుగంట. గృహప్రవేశం దగ్గరపడింది. చూడ్డానికి తలుపు శుభ్రంగానే ఉంది. స్పిరిట్ గుడ్డ ఒక్కసారి లాగేసరికి తడికి అన్నీ పైకి తేలాయి. గళ్ళకి అడ్డంగా నిలువుగా గీతలు, మూలల్లో కొలతలు, కింది పట్టీ మీద కూలి లెక్కలు. ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చాడో కూడా రాసుకున్నాడు మహానుభావుడు. ఇంటావిడ నా వెనకే నిలబడి మొత్తం చదివేశారు. "ఏమయ్యా, దేవుడి తలుపు మీద ఈ అప్పుల చిట్టా ఏంటి?" అన్నారు, అదేదో నేనే రాసినట్టు. ఆ వడ్రంగి మేస్త్రీకి ఫోన్ చేశాను. "పాలిష్‌లో పోద్దిలే బాబాయ్" అన్నాడు.

పాలిష్‌లో ఏదీ పోదండీ. ఉన్నదాన్ని పాలిష్ ఇంకా ఎత్తి చూపిస్తుంది.

గీతలు తుడిస్తే పోయాయి. లెక్కలు పోలేదు. గట్టిగా నొక్కి రాశాడేమో, అంకెలు చెక్కలోకి దిగాయి. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి నార ఉబ్బి పైకి లేచింది. ఆరాక 220 కాగితంతో సరిచేశాను. అసలు తలనొప్పి గంటల దగ్గర. మధ్య గుర్తులు బాల్‌పెన్‌తో పెట్టాడు! స్పిరిట్ తగలగానే నీలం సిరా చారల్లోకి పాకింది. పగిలిన గాజుముక్క అంచుతో ఒక్కో గడీ గీకాల్సి వచ్చింది. అక్కడక్కడా మిగిలిన నీలాన్ని ఆ గంటలే కప్పాయి.

వడ్రంగుల్నే అని లాభం లేదు. చదరపుటడుగు లెక్కన బేరం కుదుర్చుకున్నాక చివర్లో ఓసారి చిత్రిక పట్టే ఓపిక ఎవరికుంటుంది? ఒక్క పలుచని పొర లేస్తే గీత దానితోపాటే పోతుంది. ఇంటివాళ్ళేమో గ్రానైట్‌కి లెక్క చూడరు, తలుపు దగ్గరికొచ్చేసరికి పదికీ పరకకీ గీచిగీచి బేరం.

ఇకముందు మీరే చేసుకునేట్టయితే గీతలు వెనకవైపు గీయండి. ముందువైపు తప్పదనుకుంటే మాస్కింగ్ టేప్ అంటించి దాని మీద రాసుకోండి. కోత పడేచోట పదునైన చాకుమొనతో సన్నగా గీస్తే ఉలి అందులోనే కుదురుకుంటుంది, కోతతోపాటు గుర్తూ పోతుంది. ముడి పలకల మీద అయితే సుద్దముక్క చాలు. పెన్సిల్ హెచ్‌బీ వాడండి, బాగా చెక్కి, చెయ్యి బరువు వేయకుండా. 2హెచ్‌లో బంకమట్టి పాలు ఎక్కువ, గట్టిదనానికి నొక్కు పడుతుంది. 2బీ మెత్తన. బెజవాడ మే నెలలో చెమట చెయ్యి ఒకసారి ఆనిందంటే పలకంతా నలుపే. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళకి ఈ గొడవ లేదు, పొణికి కర్ర మీద ఎలాగూ రంగు పడుతుంది. మనది చెక్క అందం కనబడాల్సిన పని.

సీలర్, అంటే పాలిష్‌కి ముందు చెక్క రంధ్రాలు మూసే పూత, ఇంకా వేయలేదనే అనుకుంటున్నాను. వేసేసి ఉంటే పైన ఎంత తుడిచినా దండగే, గీత పొర కింద ఉంది. ఆ పొర మొత్తం రుద్ది తీసి మళ్ళీ మొదట్నుంచి రావాలి. దానికి మమ్మల్ని పిలిస్తే రేటు వేరు.